కొంగజపము ఎవరిది?

మన భాషలో కొంగకు న్యాయము జరుగలేదు. పైకి భక్తియు లోపల కపటమును గలవానిని చూచి 'కొంగజపము చేయుచున్నాడు' అందుము. పంచతంత్రములోని ముసలి కొంగ వ్రతము పూనినట్లు నటించి, చేపలను నమ్మించి ఒక్కొక్కటిగా భక్షించి, కడకు ఎండ్రకాయ చేత మెడ తెగి చచ్చిన కథను పసితనమున వినని తెలుగు బిడ్డ యుండడు. ఆ కథ చెప్పిన తాతలను తప్పుపట్టుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు. నీతి చెప్పువానికి ఏదో యొక జంతువు కావలెను. కాని తరతరములుగా నోట నలిగిన నింద నిజముగా ఎవరికి చెల్లునో ఒకనాడైన విచారింపవలసియున్నది. సముద్రతీరపు మడయడవులలో బ్రతుకు ఒక చిన్న కొంగను ఎదుట నిలిపి, కపటజపము దానిదా, మనదా అని ఈ సంచిక చదువరులను అడుగదలచితిని.

ఆ పక్షిని శాస్త్రజ్ఞులు 'బ్యుటోరిడెస్ స్ట్రయేటా' అందురు. రెండవ మాటకు చారలు గలదని అర్థము. కాన ఇచ్చట దానిని చారల కొంగ యని పిలిచెదను. వరిచేలలోని తెల్లకొంగవలె అది దూరమునకు కనబడదు. పొడవు మూరెడునకు మించదు. నెత్తిన నల్లని టోపి, బూడిదరంగు మేను, పచ్చదనము కలసిన ముదురు వీపు, రెక్కల ఈకలకు లేతరంగు అంచులు, పసుపుపచ్చని కాళ్లు. మెడను భుజములలోనికి ముడుచుకొని, మడచెట్టు వేరుపై, నీటికి జానెడు ఎత్తున వంగి కూర్చుండును. యానామునుండి కోరింగవైపు పడవలో పోవుచు మొదటిసారి దానిని చూచినపుడు నేను వేరు ముడి యనుకొంటిని. పడవవాడు గెడ ఆపి చూపినగాని అది పక్షియని తెలియలేదు. చాలసేపు అది కదలలేదు. పిమ్మట మెడ బాణమువలె సాగెను. ముక్కున చిన్న చేప తళుక్కుమనెను. మరల ఎప్పటివలె వేరు ముడియై కూర్చుండెను.

ఈ కొంగ దినచర్యను సముద్రము నిర్ణయించును. ఆటు వచ్చి బురద బయటపడినపుడు, పగలేగాక రాత్రియందును అది వేటకు దిగును. చిన్న చేపలు, పీతలు, రొయ్యలు, పురుగులు దాని ఆహారము. పురుగునో ఆకుముక్కనో నీటిపై ఎరగా వేసి, దానికై వచ్చు చేపను పట్టు నేర్పు ఈ జాతికి కలదు. జపానులో హిగుచి అను శాస్త్రజ్ఞుడు ఆ విద్యను పరిశీలించి 1986లో ప్రకటించెను. ఓర్పును, నేర్పును పెట్టుబడిగా పెట్టి పూట గడుపుకొను ప్రాణికి మనము కపటియని పేరు పెట్టితిమి. గాలము పట్టుకొని గట్టున కూర్చున్న మనుష్యుని మాత్రము ఓపికగలవాడందుము!

ఈ పక్షికి ఇంకొక దురదృష్టము కలదు. నీటిపైకి వంగిన కొమ్మలలో పుల్లలతో తరచు ఒంటరిగానే గూడు కట్టుకొనును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు గుంపులుగా వచ్చి చెట్లపై గూళ్లు కట్టు గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఆ ఊరివారు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. అది మన జాతి గర్వింపదగిన విషయము. ఊరి నడుమ వ్రాలిన పక్షికి ఊరంతయు చుట్టమే. మడలో ఒంటరిగా గూడు కట్టిన పక్షికి చుట్టమెవరు? ఆ మడచెట్టొక్కటే.

ఆ మడ ఎట్టిదో చూతము. దినమునకు సాధారణముగా రెండుమార్లు ఉప్పునీట మునిగి తేలు నేలపై, ఏటినీరు సముద్రమును కలియు చోట పెరుగు అడవి అది. ఆ బురదలో వేళ్లకు గాలి ఆడదు. కాన తెల్లమడ, నల్లమడ చెట్లు మేకులవంటి శ్వాసవేళ్లను బురదపైకి పంపి ఊపిరి తీయును. పీల్చిన ఉప్పును ఆకులపైకి చెమర్చి విడుచును. ఉప్పుపొన్న తన విత్తును కొమ్మమీదనే మొలకెత్తించి, మొలక పొడవుగా ఎదిగిన పిమ్మట నీటికి జారవిడుచును. రాలిన ఆకును పీతలు చింపును. కుళ్లిన ఆకుపై సూక్ష్మజీవులు పెరుగును. వానిని తిని రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఎదుగును. పండుగప్ప పిల్లలకు, మండపీతలకు ఆ వేళ్ల సందులే ఉయ్యెలలు. ఆ సంసారమంతయు చక్కగా సాగుచున్నదనుటకు వేరుపై కూర్చున్న చారల కొంగ సాక్షి.

ఇట్టి నేలకు మన కాగితములలో తరచు దొరకిన పేరేమి? బంజరు, పోరంబోకు. రెవిన్యూ లెక్కలలో పుట్టిన 'పోరంబోకు' అను మాట మన నోట తిట్టుగా మారినది. నేలను తిట్టుట నేర్చినవాడు దానిని నరకుటకు వెనుదీయడు. వంటచెరకునకు, రేవులకు, రోడ్లకు, ఉప్పుమళ్లకు, రొయ్యల చెరువులకు, ఇళ్లస్థలములకు ఎప్పుడు నేల కావలసినను మన చూపు మొదట ఆ 'పనికిరాని' బురదపైననే పడుచుండును.

చట్టములు లేకపోలేదు. గోదావరి ముఖద్వారమున 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన కోరింగ అభయారణ్యము 1978లో ఏర్పడెను. 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడెను. తీరమును కబళించుచున్న రొయ్యల చెరువులపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు చెప్పెను. ఐనను 2020లో కాకినాడ చెంత ఇళ్లస్థలముల కొరకు మడచెట్లను నరకి నేలను చదును చేయుచున్నారను ఫిర్యాదు జాతీయ హరిత న్యాయాధికరణము వరకు పోవలసి వచ్చెను. శాసనము మారినను మాట మారలేదు. మాట మారనంతవరకు మనసు మారదు.

ఇట్లనగానే నాకు మూడు సమాధానములు వినబడును. మూడింటిని మన సభలలోనే, మనవారి నోటనే వింటిని. కాన వానిని ఒక్కొక్కటిగా విచారించెదను.

మొదటిది: 'నరకిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటుచున్నారు గదా!' ఇదే అసలైన కొంగజపము. ఒక దినమున పెద్దలు తెల్లని దుస్తులతో బురదగట్టుపై నిలిచి, మొక్క చేతబట్టి, ఛాయాచిత్రము తీయించుకొని పోవుదురు. ఆ మొక్క ఏ జాతిదో, అచ్చటికి పోటునీరు ఎంత ఎత్తు వచ్చునో, ఎన్నినాళ్లు నిలుచునో అడుగువారుండరు. మడ మొక్కతో పుట్టదు, నీటి నడకతో పుట్టును. తమిళనాటి పిచ్చావరములో పూర్వము వంతులవారీగా అడవిని మొత్తముగా నరకిన చోట్ల నేల ఎండి, కుంగి, పళ్లెమువలె గుంటపడెను. వచ్చిన ఉప్పునీరు వెనుకకు పోలేక నిలిచి ఆవిరియై, ఉప్పు పేరుకొని, చెట్టు తనంత తాను మొలవని స్థితి వచ్చెను. 1990 తరువాతి కాలమున స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, గ్రామస్థులు కలసి కాలువలు త్రవ్వి ఆటుపోటులు మరల ఆడునట్లు చేసి, పిమ్మట మొక్కలు నాటిరి. అప్పుడు అడవి తిరిగి లేచెను. గోదావరి, కృష్ణా ముఖద్వారములందును చేపముల్లువలె కొమ్మలు చాచిన కాలువలు త్రవ్వి ఇట్టి కార్యమే చేసిరి. అది తపస్సు, ఒక పూట ఉత్సవము కాదు.

అంతేకాదు. చెట్టులేని బోడి బురద కూడ ఆ అడవి సంసారములో భాగమే. ఆటు వేళ కొంగలు, ఉల్లంకులు మేతకు దిగునది అచ్చటనే. లెక్క పూర్తిచేయుటకై ఆ బురదమీద వరుసగా మొక్కలు గ్రుచ్చినచో, ఒక చేత పక్షి గూడు పెరికి మరియొక చేత దాని కంచము లాగుకొన్నట్లగును. నూరేండ్ల మ్రానును, నిన్నటి మొలకను ఒకటికొకటిగా జమకట్టు లెక్కను ఏ కోమటియు అంగీకరింపడు. మనము మాత్రము సభలో చప్పట్లు కొట్టి అంగీకరించుచున్నాము.

రెండవ సమాధానము: 'ముందు మనుష్యులు, పిమ్మట పక్షులు.' మంచిది, మనుష్యుల లెక్కయే చూతము. కోరింగ రేవు 1789లోను, 1839లోను ఉప్పెనలకు గురియైనది. రెండవదాని తరువాత ఆ రేవు పూర్వవైభవమునకు మరల రాలేదు. గుండ్రముగా తిరుగు ఈ తుపానులకు ఆంగ్లమున 'సైక్లోన్' అను పేరు పెట్టిన పిడింగ్టన్ 1848 నాటి తన గ్రంథములో ఆ మాటను వాడెను. అతడు పరిశీలించిన తుపానులలో కోరింగది యొకటి. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ ఏమైనవో మీ బంధువులే చెప్పగలరు. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన మహాతుపాను తరువాత కేంద్రపడా జిల్లా గ్రామములను పరిశీలించి, సముద్రమునకు తమకు నడుమ విశాలమైన మడ గల ఊళ్లలో మరణములు తక్కువయని సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అను పరిశోధకులు 2009లో ప్రకటించిరి. ఎంతటి ఉప్పెననైనను మడ పూర్తిగా ఆపునని నేననను; అది అతిశయోక్తి. అల బలము తగ్గించి, కొన్ని ప్రాణములు నిలుపునని మాత్రము అందును. కొన్ని ప్రాణములనగా ఎవరివి? మేడలో నుండువానివి కావు, ఏటిగట్టున గుడిసెలో నుండువానివి. వల వేసి, పీతలు పట్టి కడుపు నింపుకొనువాడే మడ పోయిన నాడు మొదట నష్టపోవును. పేదవాని పేరు చెప్పి పేదవాని గోడను కూల్చుట మనుష్యులను ముందుంచుట యెట్లగును?

మూడవ సమాధానము చదువుకొన్నవారిది: 'ఈ చారల కొంగ అరుదైన పక్షి కాదు; ఆసియాలోను, ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను కలదు; అంతరించు జాతుల పట్టికలో దానికి చోటు లేదు.' నిజమే. దాని కులము ఇప్పట్లో అంతరింపదు. కాని మన ఏటిలోని కొంగ పోయినచో దక్షిణ అమెరికాలోని కొంగ మనకు సాక్ష్యము చెప్పునా? లోకమున తెలుగువారు కోట్లకొలది కలరు గదా, మీ వీధిలోని నాలుగు కుటుంబముల పలుకుబడి పోయినను ఏమి నష్టమని ఎవరైన మిమ్ము అడిగినచో, మీరేమని బదులు చెప్పుదురో ఆ బదులే ఇచ్చటను చెల్లును. ఏ ఊరి ప్రాణము ఆ ఊరికి అరుదైనదే.

తెలుగు సభల ప్రత్యేక సంచికలో ఈ బురద ప్రసంగమెందుకని కొందరు అనుకొనవచ్చును. కారణము చెప్పెదను. 2021 నాటి భారత అటవీ నివేదిక ప్రకారము దేశమున మడ విస్తీర్ణము 4,992 చదరపు కిలోమీటర్లు. అందులో ఆంధ్రప్రదేశమునకు 405, మహారాష్ట్రకు 324, ఒడిశాకు 259, తమిళనాడునకు 45, కర్ణాటకకు 13, యానాము చేరిన పుదుచ్చేరికి 2. ఈ అంకెలను మరల చదువుడు. మన పూర్వులు వలసపోయి స్థిరపడిన నేలల పట్టికయు ఇదియే. బరంపురమువారు తమ రాష్ట్రమున 1975లో అభయారణ్యమై, 1998లో జాతీయోద్యానమైన భితరకనికను తమదికాదని అనజాలరు. మద్రాసువారికి పిచ్చావరము పరాయిది కాదు. 2022లో అది రామ్‌సర్ చిత్తడినేలల పట్టికకెక్కెను. సముద్రమునకు దూరమైన బళ్లారి, కోలారులవారు సైతము 2024లో అదే పట్టికకెక్కిన అఘనాశినీ ముఖద్వారమును ఎరుగవలెను. ముంబయిలో కామాఠిపురమునకు ఆ పేరు రాదగినంతగా మన శ్రామికులు అచ్చట నిండియుండిరి. ఆ నగరపు కట్టుబడిలో వారి చెమట కలదు. ఆ రాష్ట్రమున మడను నరకరాదని బొంబాయి హైకోర్టు 2005లో ఆజ్ఞాపించి, మడ నాశనము ప్రజల జీవించు హక్కునకే భంగమని 2018లో తీర్పు చెప్పెను. ఆ తీర్పు మనకును వర్తించును.

అంతకంటె లోతైన కారణమొకటి కలదు. మనము రెండు నీళ్ల నడుమ బ్రతికినవారము. ఇంట తెలుగు, వీధిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో. యానామువారి పెద్దలు ఫ్రెంచి కూడ నేర్చిరి. అచ్చమైన నీరు, అచ్చమైన నేల అను కొలతతో కొలచువారికి మన భాష కలగాపులగము, మన బ్రతుకు గట్టుకు చేరనిది. సరిగా చెప్పవలెనన్న, మనము పోరంబోకు. ఐనను ఆ ఉప్పును సైచి, ఆ తీపిని విడువక, వేరు నిలుపుకొంటిమి. రెండు నీళ్ల కలయికలో ఎంత ప్రాణము పుట్టునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి మనమే మడను చూచి పనికిరాని నేలయనుట తగునా? మన పిల్లలకు 'మ్యాంగ్రోవ్' తెలియును, 'మడ' తెలియదు. తిల్ల, ఉప్పుపొన్న అను పేర్లు ముసలివారితో పోవుచున్నవి. పేరు పోయిన చెట్టు కోసము ఏడ్చువారుండరు.

కాన మన సంఘములకు నా మనవులు మూడు. మొదటిది, మొక్క చేతబట్టి ఫొటో దిగు ఉత్సవమును మానుడు. మడను నిలుపు కార్యము జరుగుచున్న చోట కాలువ పూడిక తీయుటకు ధనమో, శ్రమమో ఇండు. రెండవది, ఏటికొక్కసారి పిల్లలను ఆటు వేళ సమీపపు మడకు కొనిపోయి, పల్లెకారుల చేతనే చెట్ల పేర్లు, చేపల పేర్లు చెప్పించి, వానిని మన భాషలోను ఆ నేల భాషలోను వ్రాయించి, ఇట్టి సంచికలలో అచ్చు వేయుడు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. 2006 నాటి పర్యావరణ ప్రకటనను అనుసరించి పెద్ద కట్టడములు పెక్కింటికి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలెను; దానికి ముప్పది దినముల ముందు ప్రకటన వెలువడవలెను. మీ తీరమున అట్టి ప్రకటన వచ్చినపుడు, సంఘము పేరిట ఒక్క కాగితము వ్రాసి దాఖలు చేయుడు. ఉగాది కవిసమ్మేళనమునకు మూడు గంటలు కూర్చుండగల మనము ఆ సభలో ఒక గంట కూర్చుండలేమా? అల్పసంఖ్యాకుల మాట ఎవరు వినెదరని నిరుత్సాహపడకుడు. వ్రాసిన కాగితము దాఖలాలో నిలుచును. పలుకని నోరు ఎచ్చటను నిలువదు.

కొంగను నిందించిన మన వాఙ్మయమే దానికి మరియొక పీఠమును ఇచ్చియున్నది. మహాభారతమున అరణ్యపర్వములో యక్షుడు బకరూపమున కొలనిని కాచుచుండెను. తన ప్రశ్నలకు బదులు చెప్పి నీరు త్రాగుడని ఆ పక్షి హెచ్చరించెను. నలుగురు తమ్ములు దాహపు తొందరలో ఆ మాట లక్ష్యపెట్టక నీరు త్రాగి పడిపోయిరి. ధర్మరాజొక్కడు నిలిచి, విని, బదులు చెప్పెను. అందుచేత తమ్ముల ప్రాణములు తిరిగి వచ్చెను. ఆ కథలో కొంగ కపటి కాదు, నీటికి కాపరి. నేరము ప్రశ్న విననివారిది.

నేడును కోరింగ ఏటి వేరుపై ఆ చిన్న కొంగ కూర్చున్నది. దాని ప్రశ్నలు కఠినమైనవి కావు. ఈ నీరు ఎవరిది? ఈ బురద ఎవరికి పనికిరానిది? నరకినదానికి నీవు నిజముగా ఏమి చెల్లించితివి? బదులు చెప్పక ఈ నీటిని వాడుకొనువారము, భీమార్జునులకంటె బలవంతులమని మాత్రము అనుకొనరాదు.